ఆ కుర్చీలో కూర్చున్నది మంత్రా, దేశమా?

2024 జూన్ 17, సోమవారం. లక్సెంబర్గ్ నగరంలోని కిర్ష్‌బర్గ్ ప్రాంతంలో యూరోపియన్ యూనియన్ దేశాల పర్యావరణ మంత్రులు సమావేశమయ్యారు. రెండేళ్లుగా నలుగుతున్న ప్రకృతి పునరుద్ధరణ చట్టం ఆ రోజు ఓటింగ్‌కి వచ్చింది. అనుకూలంగా 20 దేశాలు, వ్యతిరేకంగా 6, తటస్థంగా 1. అనుకూలంగా వేసిన దేశాల జనాభా అంతా కలిపితే యూనియన్ జనాభాలో 66.07 శాతం తేలింది. చట్టం గట్టెక్కడానికి కావలసింది 65 శాతం.

పైన మిగిలిన ఆ ఒక్క శాతం ఆస్ట్రియా పుణ్యం. ఆస్ట్రియా జనాభా సుమారు 91 లక్షలు, మన హైదరాబాద్ మహానగరానికి అటూఇటూ. యూనియన్ మొత్తంలో దాని వాటా 2 శాతం చిల్లర. అది పక్కకి తప్పుకుని ఉంటే లెక్క 64 దగ్గర ఆగిపోయేది, చట్టం వీగిపోయేది. ఆ ఓటు వేసిన మంత్రి లియోనోర్ గెవెస్లర్. అలా వెయ్యడానికి వీల్లేదని సొంత ప్రభుత్వాధినేతే అన్నారు. వేస్తే అది చెల్లదని, ఓటింగ్‌కి ముందే, అప్పుడు అధ్యక్ష స్థానంలో ఉన్న బెల్జియం ప్రధానికి లేఖ కూడా రాశారు. అయినా ఆమె వేశారు. ఓటు చెల్లింది. చట్టం వచ్చింది.

"ఫలానా దేశపు మంత్రి యూరోపియన్ మంత్రుల సమావేశంలో పాల్గొన్నారు" అన్న వార్త ఎప్పుడో ఒకప్పుడు మన కంటపడుతూనే ఉంటుంది. కరచాలనం ఫొటో, కింద రెండు వాక్యాలు. చదివి వదిలేస్తాం. ఆ గదిలో మంత్రి చేసే పని ఎంత బరువైనదో ఆ ఫొటోలో కనిపించదు. జూన్ 17 నాటి సంగతి దగ్గరగా చూస్తే ఆ బరువు తెలుస్తుంది, అందుకే దాన్నే పట్టుకుంటున్నాను.

ముందు పేర్ల చిక్కు

ఇక్కడ చాలామంది తడబడతారు, తప్పు వాళ్లది కాదు, పేర్లు పెట్టినవాళ్లది. యూరోపియన్ కౌన్సిల్ అంటే దేశాధినేతలు, ప్రధానులు కూర్చునే సభ. అది దిశ చెబుతుంది, చట్టాలు చెయ్యదు. కౌన్సిల్ ఆఫ్ యూరప్ అసలు యూరోపియన్ యూనియన్‌కి సంబంధించినదే కాదు. 46 దేశాలతో స్ట్రాస్‌బర్గ్ కేంద్రంగా నడిచే వేరే సంస్థ, మానవ హక్కుల కోర్టు దాని కిందే ఉంది. మనం మాట్లాడుకుంటున్నది మూడోది. దాన్ని యూరోపియన్ యూనియన్ కౌన్సిల్ అంటారు, తెలుగులో మంత్రుల మండలి అనుకుందాం.

మంత్రుల మండలి చట్టం ప్రకారం ఒక్కటే. కానీ విషయాన్ని బట్టి కూర్చునే మనుషులు మారిపోతారు. పన్నులు, బడ్జెట్ అయితే ఆర్థిక మంత్రులు వస్తారు. చేపల కోటా, పంటల సబ్సిడీ అయితే వ్యవసాయ మంత్రులు. గాలి, నీరు, అడవి అయితే పర్యావరణ మంత్రులు. ఇలా పది రకాలుగా సమావేశమవుతుంది. మామూలుగా బ్రస్సెల్స్‌లో, ఏప్రిల్, జూన్, అక్టోబర్ నెలల్లో మాత్రం లక్సెంబర్గ్‌లో. యూరోపియన్ పార్లమెంట్‌తో కలిసి చట్టాలు చేసేది ఈ మండలే. పార్లమెంట్ ఒప్పుకున్నా మండలి ఒప్పుకోకపోతే చట్టం లేదు.

చాలా చర్చలకి మూలం ఈ పది ముక్కల ఏర్పాటులోనే ఉంది. ఒకే దేశం, ఒకే నెలలో, ఒక గదిలో ఒక మాట, ఇంకో గదిలో ఇంకో మాట మాట్లాడగలదు. ఎందుకంటే గదిని బట్టి వెళ్లే మంత్రి మారతారు, ఆ మంత్రి పార్టీ కూడా మారవచ్చు.

బల్ల మీద దేశం పేరు

మండలి గదిలో మంత్రి ముందున్న పలక మీద మంత్రి పేరు ఉండదు. దేశం పేరు ఉంటుంది. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ మొత్తం వ్యవహారం అందులోనే ఉంది. యూనియన్ ఒప్పందంలోని 16వ అధికరణం ఇదే మాట చట్టం భాషలో చెబుతుంది. ప్రతి దేశం నుంచి మంత్రి స్థాయి ప్రతినిధి ఒకరు మండలిలో ఉంటారు, ఆ ప్రతినిధి తన దేశ ప్రభుత్వాన్ని కట్టుబడేలా చెయ్యగలరు, దేశం తరఫున ఓటు వెయ్యగలరు అని. మంత్రి నోరు విప్పితే దేశం మాట్లాడినట్టే. చెయ్యెత్తితే దేశం ఎత్తినట్టే. ఇంటికి వెళ్లి మంత్రివర్గాన్ని అడిగి చెబుతానంటే ఆ గదిలో కుదరదు.

"మంత్రి స్థాయి" అన్న మాట కూడా ఊరికే పెట్టలేదు. కేంద్ర మంత్రే రావాలని అందులో లేదు. జర్మనీ, బెల్జియం లాంటి చోట్ల కొన్ని విషయాలు రాష్ట్రాల చేతిలో ఉంటాయి కాబట్టి రాష్ట్ర మంత్రి వచ్చి దేశం కుర్చీలో కూర్చోవచ్చు. జూన్ 17 సమావేశానికి అధ్యక్షత వహించిన అలాన్ మారోన్ బెల్జియం కేంద్ర మంత్రి కాదు, బ్రస్సెల్స్ ప్రాంతీయ ప్రభుత్వంలో మంత్రి. అంటే ఒక నగర ప్రాంతపు మంత్రి 27 దేశాల సభని నడిపించారు.

అంతకన్నా ఆశ్చర్యం ఇంకోటుంది. ఆ రోజు తటస్థంగా ఉన్న ఒకే ఒక్క దేశం బెల్జియమే. బెల్జియంలోని ప్రాంతాలు ఒక మాట మీదకి రాలేదు, ఫ్లాండర్స్ ఈ చట్టానికి ఎదురు తిరిగింది. మాట కుదరకపోతే తటస్థంగా ఉండడమే అక్కడి పద్ధతి. చట్టాన్ని గట్టెక్కించాలని శ్రమపడిన అధ్యక్షుడు, తన దేశం ఓటు మాత్రం దానికి వెయ్యలేకపోయారు. దీన్ని మారోన్ చేతగానితనం అనుకోకూడదు. పలక మీద ఉన్నది బెల్జియం పేరు, బెల్జియం ఇంకా తేల్చుకోలేదు. ఆయన ఆ హద్దులో ఉన్నారు. గెవెస్లర్ తన హద్దులో ఉన్నారా లేదా అన్నదే ఆస్ట్రియాలో గొడవంతా.

గదికి వచ్చేసరికే వంట అయిపోతుంది

మంత్రులు రోజంతా కూర్చుని వాదించుకుని చట్టాలు రాస్తారనుకుంటే పొరపాటు. ప్రతిపాదన యూనియన్ కార్యనిర్వాహక సంస్థ అయిన యూరోపియన్ కమిషన్ తెస్తుంది. ఈ చట్టాన్ని 2022 జూన్ 22న తెచ్చింది. ఆ తర్వాత అది 150కి పైగా ఉన్న అధికారుల బృందాల్లో ఒకదానికి వెళ్తుంది. అక్కడ ఒక్కో వాక్యం, ఒక్కో కామా మీద చర్చ జరుగుతుంది. ఆ పైన కోరెపర్ అనే రాయబారుల కమిటీ ఉంటుంది. ప్రతి దేశం బ్రస్సెల్స్‌లో ఒక శాశ్వత ప్రతినిధిని పెట్టుకుంటుంది, వాళ్లంతా వారం వారం కూర్చుంటారు. బేరసారాలన్నీ అక్కడే. రాయబారులు తేల్చేసిన విషయం మంత్రుల దగ్గరికి 'ఏ' జాబితాలో వస్తుంది, చర్చ లేకుండా ఆమోదం పడిపోతుంది. తేలనిది 'బి' జాబితాలో వస్తుంది, దాని మీద మంత్రులు మాట్లాడతారు. 'ఏ' జాబితాలోది ఏ మంత్రులైనా ఆమోదించవచ్చు. పర్యావరణం చట్టం చేపల శాఖ మంత్రుల సభలో పాసయిపోవచ్చు, మండలి ఒక్కటే కాబట్టి.

ఇది చూసి కొందరు మంత్రులది ఉత్త సంతకం పని అంటారు. నేను ఒప్పుకోను. మంత్రి ఏమంటారో ముందే ఊహించుకుని రాయబారి బేరం ఆడతాడు. ఇంట్లో మంత్రి గట్టిగా ఉంటే బ్రస్సెల్స్‌లో రాయబారి గట్టిగా ఉంటాడు. ఇంట్లో రెండు పార్టీలు రెండు మాటలంటుంటే రాయబారికి చెప్పడానికి ఏమీ ఉండదు, మౌనంగా కూర్చుంటాడు. కూడిక కోసం చూసేవాళ్లకి ఆ మౌనం తటస్థం కింద లెక్క.

ప్రకృతి పునరుద్ధరణ చట్టం మామూలుగా అయితే 'ఏ' జాబితాలో నిశ్శబ్దంగా పోవలసిందే. 2023 నవంబర్ 9న పార్లమెంట్, మండలి ప్రతినిధుల మధ్య ఒప్పందం కుదిరింది. 2024 ఫిబ్రవరి 27న పార్లమెంట్ 329-275 ఓట్లతో ఆమోదించింది. మిగిలింది మంత్రుల ఆమోదం, లాంఛనమే అనుకున్నారందరూ. అప్పటికే వీధుల్లో ట్రాక్టర్లు ఉన్నాయి. ఆ చలికాలం అంతా యూరప్ రైతులు రోడ్ల మీదే ఉన్నారు, జూన్‌లో యూరోపియన్ పార్లమెంట్ ఎన్నికలు. ఒక్కో ప్రభుత్వానికీ టెన్షన్ మొదలైంది. మార్చి నెలలో హంగరీ మాట మార్చింది. ఆ నెల 25న జరగాల్సిన ఓటింగ్‌ని ఎజెండాలోంచి తీసేశారు.

చట్టంలో ఏముందో రెండు మాటల్లో చెప్పాలి, లేకపోతే ఇంత పట్టుదల ఎందుకో తెలియదు. యూరప్‌లో రక్షణ జాబితాలో ఉన్న సహజ ఆవాసాల్లో 80 శాతానికి పైగా పాడైపోయి ఉన్నాయి. 2030 నాటికి యూనియన్ నేల, సముద్రాల్లో కనీసం 20 శాతం విస్తీర్ణంలో పునరుద్ధరణ పనులు మొదలవ్వాలి, 2050 నాటికి అవసరమున్న అన్ని చోట్లా జరగాలి అని ఈ చట్టం అంటుంది. 25,000 కిలోమీటర్ల మేర నదులకి అడ్డుకట్టలు తొలగించి పారనివ్వాలి. తేనెటీగల్లాంటి పరాగ సంపర్క జీవుల తగ్గుదల ఆగాలి. రైతు సంఘాల భయం భూమి పోతుందని, పర్యావరణవాదుల భయం ఇప్పుడు కాకపోతే ఇక కాదని. రెండూ నిజమైన భయాలే.

లెక్క ఎలా పనిచేస్తుంది

మండలిలో ఎక్కువ చట్టాలకి రెండు షరతులు ఒకేసారి నెరవేరాలి. దేశాల్లో 55 శాతం, అంటే 27లో 15 దేశాలు అవుననాలి. ఆ దేశాల్లో ఉన్న జనం యూనియన్ జనాభాలో 65 శాతం ఉండాలి. అడ్డుకోవాలంటే కనీసం నాలుగు దేశాలు, 35 శాతానికి మించిన జనాభాతో కలవాలి. తటస్థంగా ఉన్నవాళ్లు లెక్కలోంచి తప్పుకోరు. అవునన్న పక్కన వాళ్ల జనాభా చేరదు కాబట్టి తటస్థం అన్నా కాదన్నట్టే. ఈ ఒక్క ముక్క అర్థమైతే యూరోపియన్ వార్తలు సగం అర్థమైపోతాయి.

జూన్ 17న వ్యతిరేకంగా వేసినవి ఇటలీ, పోలండ్, నెదర్లాండ్స్, స్వీడన్, హంగరీ, ఫిన్లాండ్. దేశాల లెక్కలో చూస్తే ఓడిపోతామన్న బాధ ఎవరికీ లేదు, కావలసింది 15, ఉన్నవి 20. జనాభా దగ్గరే వచ్చింది చిక్కు. ఇటలీ, పోలండ్ పెద్ద దేశాలు, వాటితో ఆ నాలుగూ, తటస్థంగా ఉన్న బెల్జియం కలిస్తే 34 శాతం దాకా పోయింది. ఇంకో రెండు శాతం అటు జరిగితే ఆటకట్టు. జర్మనీయో, ఫ్రాన్సో తేల్చే ఓటింగ్‌లు ఎన్నో ఉంటాయి. ఈసారి త్రాసు ముల్లు తొమ్మిది పది మిలియన్ల దేశం దగ్గర ఆగింది.

గడువు ఒత్తిడి కూడా తక్కువేం కాదు. మండలి అధ్యక్ష స్థానం ఆరు నెలలకోసారి దేశం మారుతుంది. జూన్ ఆఖరు దాకా బెల్జియం, జూలై 1 నుంచి హంగరీ. ఏది ఎజెండాలో పెట్టాలో, ఎప్పుడు ఓటింగ్‌కి పెట్టాలో అధ్యక్ష దేశం చేతిలో పని. మార్చిలో మాట మార్చిన హంగరీ చేతికి పగ్గాలు వెళ్లాక ఈ చట్టానికి దారి ఉండేదా? బెల్జియం హయాంలో పర్యావరణ మంత్రుల చివరి సమావేశం జూన్ 17 నాటిదే. ఆ రోజు దాటితే అంతే అని అందరికీ తెలుసు.

వియన్నాలో ఏం జరిగింది

గెవెస్లర్ రాజకీయాల్లోకి రాకముందు గ్లోబల్ 2000 అనే పర్యావరణ సంస్థకి సారథ్యం వహించారు. గ్రీన్ పార్టీ మనిషి. 2020లో కన్సర్వేటివ్ పీపుల్స్ పార్టీ, గ్రీన్ పార్టీ కలిసి ఆస్ట్రియాలో ప్రభుత్వం పెట్టాయి. పర్యావరణం, ఇంధనం, రవాణా కలిపి పెద్ద శాఖ ఆమెకి వచ్చింది. చాన్సలర్, అంటే ప్రభుత్వాధినేత, కార్ల్ నేహమర్ పీపుల్స్ పార్టీ వారు. వ్యవసాయ మంత్రి నార్బర్ట్ టోట్ష్‌నిగ్ కూడా ఆ పార్టీయే, ఈ చట్టానికి గట్టి వ్యతిరేకి.

ఆస్ట్రియా రాజ్యాంగం ప్రకారం ప్రకృతి సంరక్షణ తొమ్మిది రాష్ట్రాల అధికారం. రాష్ట్రాల పరిధిలోని విషయం మీద యూరప్‌లో ఓటింగ్ వస్తే, రాష్ట్రాలన్నీ కలిసి ఉమ్మడి అభిప్రాయం పంపవచ్చు. పంపితే కేంద్ర మంత్రి దానికి కట్టుబడాలి, తప్పనిసరి కారణాలుంటే తప్ప. రాష్ట్రాలు ఈ చట్టం వద్దని ఉమ్మడి అభిప్రాయం పంపాయి. ఏడాది పైగా గెవెస్లర్ చేతులు కట్టినట్టే ఉంది. 2024 మే నెలలో మైఖేల్ లుడ్విగ్ మేయర్‌గా ఉన్న వియన్నా, పీటర్ కైజర్ నాయకత్వంలోని కారింథియా వెనక్కి తగ్గాయి. రెండూ సోషల్ డెమోక్రాట్ల పాలనలోవి. ఒక్క రాష్ట్రం పక్కకి జరిగినా అది ఇక ఉమ్మడి అభిప్రాయం కాదని గెవెస్లర్ వాదన. ఉమ్మడిగా పెట్టిన దాన్ని ఉమ్మడిగానే, తీర్మానం చేసి తియ్యాలని పీపుల్స్ పార్టీ వాదన. పైగా వ్యవసాయ మంత్రి సమ్మతి లేకుండా ఆమె ఓటు వెయ్యకూడదని ఇంకో మాట. రాజ్యాంగ వ్యవహారాల మంత్రి కరోలినే ఎట్‌స్టాడ్లర్ అది చట్టవిరుద్ధమే అన్నారు. గెవెస్లర్ తన వైపు న్యాయ నిపుణుల అభిప్రాయాలు చూపించారు.

జూన్ 16, ఆదివారం, తాను అనుకూలంగా వేస్తున్నానని ఆమె ప్రకటించారు. ఒక్క రాత్రిలో వియన్నా అట్టుడికింది. ఆస్ట్రియాని తటస్థంగా లెక్కించాలంటూ నేహమర్ బెల్జియం ప్రధాని అలెగ్జాండర్ డి క్రోకి రాశారు. బెల్జియం వైఖరి తేటగా ఉంది. గదిలో కూర్చున్న మంత్రి చెప్పిందే ఆ దేశం మాట, ఆస్ట్రియా లోపలి తగువు మాకు సంబంధం లేదు. ఓటింగ్ జరిగింది. అధికార దుర్వినియోగం అంటూ ఆమె మీద ఫిర్యాదు చేస్తామని, యూరోపియన్ కోర్టులో ఈ ఓటుని రద్దు చెయ్యాలని కోరతామని పీపుల్స్ పార్టీ ప్రకటించింది. ప్రభుత్వం మాత్రం కూలలేదు. సెప్టెంబర్ 29న ఎన్నికలు ఉన్నాయి, అప్పటిదాకా గందరగోళం వద్దని చాన్సలర్ సంకీర్ణాన్ని కొనసాగించారు.

మన పాఠకుడికి ఇక్కడ ఒక ప్రశ్న రావాలి. ప్రభుత్వాధినేత మాట వినని మంత్రిని తీసెయ్యవచ్చు కదా? ఆస్ట్రియాలో చాన్సలర్ మంత్రుల మీద పెద్దన్న కాదు. జర్మనీ చాన్సలర్‌కి విధాన దిశ నిర్ణయించే అధికారం రాజ్యాంగంలోనే ఉంది, ఆస్ట్రియా చాన్సలర్‌కి అలాంటిది లేదు. మంత్రులంతా సమానం, మంత్రివర్గం ఏకగ్రీవంగానే నిర్ణయిస్తుంది. మంత్రిని తొలగించమని అధ్యక్షుడికి చాన్సలర్ సిఫార్సు చెయ్యవచ్చు, కానీ అది సంకీర్ణం విడిపోవడంతో సమానం. గెవెస్లర్‌కి ఈ సంగతి తెలుసు, నేహమర్‌కీ తెలుసు.

ఇది మొదటిసారి కాదు

2017 నవంబర్ 27న గ్లైఫోసేట్ అనే కలుపు మందు అనుమతిని పొడిగించాలా వద్దా అని బ్రస్సెల్స్‌లో యూనియన్ దేశాల కమిటీలో ఓటింగ్ వచ్చింది. జర్మనీ అంతకుముందంతా తటస్థంగానే ఉంటూ వచ్చింది. వ్యవసాయ మంత్రి క్రిస్టియన్ ష్మిట్ అవునందామన్నారు, పర్యావరణ మంత్రి బార్బరా హెండ్రిక్స్ కాదన్నారు. ఏకాభిప్రాయం లేకపోతే తటస్థం, అదే అక్కడి నియమం. ష్మిట్ ఆ నియమం దాటి తన అధికారి చేత అనుకూలంగా వేయించారు. 18 దేశాలు అవునన్నాయి, 9 కాదన్నాయి, ఒకటి తటస్థం. కలుపు మందుకి ఇంకో ఐదేళ్లు దొరికాయి. అప్పటి చాన్సలర్ మెర్కెల్ బహిరంగంగా తప్పుపట్టారు, కానీ ఓటు ఓటే.

ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టుకుని చూడడం నాకు ముఖ్యం అనిపిస్తుంది. ప్రకృతి పక్షాన గెవెస్లర్ చేసింది గొప్ప తెగువ అని మెచ్చుకునేవాళ్లు, అదే తీరున ష్మిట్ కలుపు మందుకి దారి ఇచ్చినప్పుడు మండిపడ్డారు. ష్మిట్‌ని సమర్థించినవాళ్లలో చాలామంది గెవెస్లర్‌ని ద్రోహి అన్నారు. చట్టం మంచిదా చెడ్డదా అన్నది ఒక ప్రశ్న, దేశం తరఫున చెయ్యెత్తే హక్కు ఒక మంత్రికి ఎంతవరకు అన్నది ఇంకో ప్రశ్న. ప్రకృతి పునరుద్ధరణ చట్టం యూరప్‌కి అవసరమని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. ఆ చట్టం ఒక మంత్రి, తన చాన్సలర్ వద్దంటుండగా వేసిన ఓటు మీద నిలబడాల్సి రావడం మాత్రం నాకు మింగుడుపడదు. తప్పు ఆమె ఒక్కరిది అనను. రెండేళ్ల సమయం ఉండీ, మన వైఖరి ఇది అని తేల్చుకోలేని సంకీర్ణం మీదే ఎక్కువ భారం పడాలి. దేశం తేల్చుకోనప్పుడు కుర్చీలో ఉన్న మనిషే దేశం అయిపోతారు.

మంత్రి కుర్చీలో లేకపోతే ఏమవుతుందో కూడా యూరప్ చూసింది. 1965 జూలై నుంచి ఏడు నెలలు ఫ్రాన్స్ తన మంత్రులని ఈ సమావేశాలకి పంపలేదు. డిగాల్ అధ్యక్షుడు. వ్యవసాయ నిధుల మీద తగువు, ఏకగ్రీవం పోయి మెజారిటీ ఓటింగ్ వస్తుందన్న కోపం. ఖాళీ కుర్చీ సంక్షోభం అని దానికి పేరు. చిట్టచివరికి 1966 జనవరిలో లక్సెంబర్గ్‌లో రాజీ కుదిరింది, కీలక ప్రయోజనం ఉందని ఏ దేశమైనా అంటే ఏకాభిప్రాయం వచ్చేదాకా మాట్లాడుకుందామని.

డెన్మార్క్ దారి

మంత్రి చేతికి పగ్గం ఎవరు వెయ్యాలి అన్న ప్రశ్నకి డెన్మార్క్ 1973లో యూనియన్‌లో చేరినప్పటి నుంచే జవాబు పట్టుకుంది. బ్రస్సెల్స్ వెళ్లే మంత్రి ముందు తమ పార్లమెంట్‌లోని యూరప్ వ్యవహారాల కమిటీ ముందుకి వస్తారు. మామూలుగా శుక్రవారం నాడు. ఫలానా విషయంలో ఇంతవరకు ఒప్పుకుంటాను, ఇది దాటి రాను అని నోటితో చెబుతారు. కమిటీలో మెజారిటీ ఎదురు చెప్పకపోతే అదే మంత్రికి ఆదేశం. ఎదురు చెబితే మార్చుకుని రావాలి. అక్కడ మంత్రి చెయ్యెత్తితే వెనక పార్లమెంట్ ఉందని మిగతా దేశాలకి తెలుసు. డెన్మార్క్‌లో ఎక్కువగా మైనారిటీ ప్రభుత్వాలే, అందుకే ఈ పద్ధతి పుట్టింది.

దీనివల్ల బేరానికి వెసులుబాటు తగ్గుతుందని విమర్శ ఉంది. నిజమే కొంత. అర్ధరాత్రి రెండు గంటలకి కొత్త ప్రతిపాదన వస్తే కమిటీ సభ్యులకి ఫోన్లు చెయ్యాలి. అయినా నేను డెన్మార్క్ వైపే. 45 కోట్ల మందికి వర్తించే చట్టం మీద మంత్రి ఏం చెప్పబోతున్నారో ముందే సొంత పార్లమెంట్‌కి తెలియడం ఎక్కువేం కాదు. చట్టాల మీద మంత్రుల చర్చ, ఓటింగ్ ఇప్పుడు ప్రత్యక్ష ప్రసారంలో చూడొచ్చు, అది మంచి మార్పు. కానీ అసలు బేరం జరిగే అధికారుల బృందాల్లో ఏ దేశం ఏమన్నదో సరిగ్గా నమోదు చెయ్యట్లేదని యూనియన్ సంస్థల మీద ఫిర్యాదులు విచారించే అప్పటి అంబుడ్స్‌మన్ ఎమిలీ ఓరైలీ 2018లోనే తప్పుపట్టారు. కెమెరా వంటింట్లో లేదు, వడ్డించే చోట ఉంది.

మనకి దగ్గరగా

మనకి తెలిసిన పోలిక కావాలంటే జీఎస్టీ కౌన్సిల్ ఉంది. రాష్ట్రాల ఆర్థిక మంత్రులు, కేంద్ర ఆర్థిక మంత్రి. కేంద్రం ఓటుకి మూడో వంతు బరువు, రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండు వంతులు, నిర్ణయానికి నాలుగింట మూడు వంతులు, అంటే 75 శాతం కావాలి. అక్కడ జనాభా లెక్కలేదు, ఉత్తరప్రదేశ్‌కి ఎంతో సిక్కింకి అంతే. ఓటింగ్ దాకా రాకుండా ఏకాభిప్రాయంతోనే నడిపించాలని మొదటి నుంచి ప్రయత్నం, 2019 డిసెంబర్ 18న లాటరీ పన్ను మీద మొదటిసారి ఓటింగ్ జరిగింది. మన తెలుగు రాష్ట్రాల ఆర్థిక మంత్రి ముఖ్యమంత్రి మాట కాదని ఓటు వేసే పరిస్థితి ఊహకి కూడా రాదు. మన దగ్గర పార్టీ పగ్గం అంత బిగువు. ఆస్ట్రియాలో సంకీర్ణం ఆ పగ్గాన్ని రెండు చేతుల్లో పెట్టింది.

ఆ గదుల్లో తీర్మానాలు మన కొండల దాకా వస్తాయి కూడా. అరకు, పాడేరు వైపు గిరిజన రైతుల కాఫీ యూరప్‌కి వెళ్తుంది. 2023 మే 16న మంత్రుల మండలి ఒక చట్టం ఆమోదించింది, 2020 డిసెంబర్ 31 తర్వాత అడవి కొట్టిన నేలలో పండిన కాఫీ, కోకో, రబ్బరు, సోయా, కలప లాంటివి యూరప్‌లో అమ్మడానికి వీల్లేదని. ఏ తోటలో పండిందో భౌగోళిక స్థానంతో సహా చూపించాలి. 2024 మార్చిలో వ్యవసాయ మంత్రుల గదిలో లేచి దీన్ని వాయిదా వెయ్యాలని అడిగిన మంత్రి ఎవరో కాదు, ఆస్ట్రియా వ్యవసాయ మంత్రి టోట్ష్‌నిగ్. చాలా దేశాలు ఆయనతో గొంతు కలిపాయి. పెద్ద సంస్థలకి 2024 డిసెంబర్ ఆఖరు నుంచి అమలు కావాల్సిన ఆ చట్టం రెండుసార్లు వాయిదా పడింది. అరకులో రైతు తన తోట కొలతలు ఎప్పటిలోగా సిద్ధం చేసుకోవాలో అన్నది, వియన్నా నుంచి ఏ గదికి ఏ మంత్రి వెళ్లారన్న దాని మీద కూడా కొంత ఆధారపడింది.

ప్రకృతి పునరుద్ధరణ చట్టం 2024 ఆగస్టు 18న అమల్లోకి వచ్చింది. 2026 సెప్టెంబర్ 1లోగా ప్రతి దేశం తన పునరుద్ధరణ ప్రణాళిక ముసాయిదా కమిషన్‌కి ఇవ్వాలి. ఆస్ట్రియాలో 2025 మార్చిలో కొత్త ప్రభుత్వం వచ్చింది. గ్రీన్ పార్టీ ఇప్పుడు ప్రతిపక్షం, దానికి గెవెస్లర్ నాయకురాలు. పర్యావరణ శాఖ వ్యవసాయ శాఖలో కలిసిపోయింది, ఆ శాఖ టోట్ష్‌నిగ్ చేతిలో ఉంది. తొమ్మిది రాష్ట్రాలని కూర్చోబెట్టి, తాను వద్దన్న చట్టానికి ప్రణాళిక రాయించి పంపాల్సిన బాధ్యత ఇప్పుడు ఆయనది. పర్యావరణ మంత్రుల సమావేశంలో ఆస్ట్రియా అని రాసి ఉన్న పలక వెనక కూర్చునేది కూడా ఆయనే.